కాలనీ రోడ్డులో స్పీడ్ లిమిట్ 30 అని ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీది హైదరాబాద్‌లో పాత కాలనీ. పోయిన ఏడాది మీ 40 అడుగుల రోడ్డుకి సీసీ (సిమెంటు కాంక్రీటు) వేశారు. అప్పటి నుంచి బైకులు, వాటర్ ట్యాంకర్లు దూసుకుపోతున్నాయి, పిల్లల్ని బయటికి పంపాలంటే టెన్షన్. స్పీడ్ లిమిట్ ఎవరు పెడతారు, ఏ లెక్కన పెడతారు, సంఘం తరఫున 20 అని బోర్డు మేమే పెట్టుకోవచ్చా అని అడిగారు. డాలస్ దగ్గర మీ అమ్మాయి ఉండే వీధిలో 25 బోర్డు చూసి అందరూ నెమ్మదిగా వెళ్తారు, ఇక్కడ ఎందుకు కుదరదు అని కూడా అడిగారు.

నేను మునిసిపల్ ఇంజనీరింగ్‌లో 27 ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. అందులో సగానికి పైగా రోడ్లు, ట్రాఫిక్ పనులే. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. మీరు జీహెచ్ఎంసీ పరిధిలో ఉంటే మీ రోడ్డుకి లిమిట్ ఇప్పటికే ఉంది. అది 30 కిలోమీటర్లు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జీహెచ్ఎంసీ పరిధికి వేగ పరిమితులు ఖరారు చేసింది. డివైడర్ ఉన్న రోడ్డు మీద కార్లకి 60, డివైడర్ లేని రోడ్డు మీద 50. బస్సులు, లారీలు, ఆటోలు, బైకులకి అవే రోడ్ల మీద 50, 40. కాలనీ రోడ్ల మీద మాత్రం ఏ బండికైనా 30. మీరు కొత్తగా లిమిట్ తెచ్చుకోనక్కర్లేదు. ఉన్న లిమిట్‌ని రోడ్డు మీద కనిపించేలా చేయించుకోవాలి, ఆ వేగం దాటబుద్ధి కాకుండా రోడ్డుని మార్పించుకోవాలి. అసలు పని ఈ రెండోదే.

సంఘం సొంతంగా 20 బోర్డు పెట్టుకోవడం కుదరదు. పెట్టినా దానికి చట్టబలం ఉండదు. ఎందుకో చెప్తాను.

మోటారు వాహనాల చట్టం, 1988లో 112వ సెక్షన్ దీనికి ఆధారం. ఏ తరగతి బండి గరిష్ఠంగా ఎంత వేగంతో వెళ్లొచ్చో కేంద్రం చెప్తుంది. 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో మునిసిపల్ పరిధి రోడ్ల మీద కార్లకి 70, బైకులకి 60 అని పెట్టారు. ఆ అంకె చూసి చాలామంది కంగారు పడతారు. మన సందులో 70 ఏమిటండీ అని నన్నే ఎంతోమంది అడిగారు. అది పైకప్పు మాత్రమే. ప్రజల భద్రత కోసమో, రోడ్డు తీరుని బట్టో దాన్ని తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా రాష్ట్రం అధికారం ఇచ్చిన సంస్థకి అదే సెక్షన్ ఇచ్చింది. అయితే తగ్గించడానికి రెండు పనులు జరగాలి: గెజిట్‌లో నోటిఫికేషన్ రావాలి, తగిన చోట్ల బోర్డులు పెట్టాలి. మన దగ్గర మొదటిది జరిగి రెండోది ఆగిపోవడం మామూలు. జీవో వచ్చిన సంగతి పేపర్లో ఒకరోజు పడుతుంది, బోర్డు మాత్రం వీధిలోకి రాదు.

(నెల రోజులకు మించని తాత్కాలిక పరిమితికి గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదని అక్కడే ఉంది. పైపులైను పనులప్పుడో, జాతరప్పుడో అది పనికొస్తుంది.)

గేటెడ్ కమ్యూనిటీల సంగతి వేరు. లోపల 10, 15 అని కనిపించే బోర్డులు ఆ సంఘం నియమాలు. బయటివాళ్లకి ప్రవేశ హక్కు లేని చోట అవి సంఘం మాట మీద నడుస్తాయి. మీది గేటు లేని కాలనీ, ఎవరైనా వచ్చిపోయే రోడ్డు, కాబట్టి చట్టం దారిలోనే వెళ్లాలి.

ఇక 30 అనే అంకె ఎలా వచ్చింది? ప్రపంచం మొత్తం మీద నగరాలు లిమిట్ పెట్టే పద్ధతులు ప్రధానంగా రెండు.

మొదటిది కొలిచి పెట్టడం. రోడ్డు పక్కన నిలబడి, అడ్డంకి లేకుండా వెళ్తున్న బండ్ల వేగాలు రాస్తారు. నూరు బండ్లని తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేరిస్తే 85వ బండి వేగం ఎంతో చూస్తారు. దాన్ని 85వ పర్సెంటైల్ అంటారు. నూటికి 85 మంది తమకి తోచిన వేగంలో జాగ్రత్తగానే వెళ్తారు, కాబట్టి ఆ వేగం దగ్గరే లిమిట్ పెట్టాలన్నది దీని వెనుక నమ్మకం. ఇది అమెరికాలో పుట్టింది. దీనికి బలమిచ్చిన 1960ల నాటి అధ్యయనాలు పల్లె హైవేల మీద చేసినవి. అక్కడ రోడ్డు దాటే ముసలివాళ్లు లేరు, గాలిపటం వెంట పరిగెత్తే పిల్లలు లేరు. హైవేకి పనికొచ్చే ఆ లెక్కని ఇళ్ల మధ్యకి తెచ్చేసరికి చిక్కు వచ్చింది. రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటే జనం వేగంగా వెళ్తారు. వేగంగా వెళ్తున్నారు కాబట్టి లిమిట్ పెంచుతారు. పెంచాక ఇంకా వేగంగా వెళ్తారు. అమెరికాలో సిగ్నళ్లు, బోర్డుల ప్రమాణాలు చెప్పే జాతీయ మాన్యువల్ 2023 చివర్లో కొత్త కూర్పు వచ్చినప్పుడు ఈ పద్ధతి మీద మరీ ఆధారపడొద్దన్న వైపుకి జరిగింది.

రెండోది రోడ్డు తరగతిని బట్టి పెట్టడం. అక్కడ ఎవరు నడుస్తారు, ఎవరు ఆడుకుంటారు, దెబ్బ తగిలితే ఎంత తగులుతుంది అని ముందు ఆలోచించి ఆ తరగతి రోడ్లన్నిటికీ ఒకే అంకె పెట్టేస్తారు. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరం 1992లోనే ప్రధాన రోడ్లు మినహా ఊరంతటికీ 30 పెట్టింది. స్పెయిన్ 2021 మే నుంచి వైపుకి ఒక్కో లైనే ఉన్న పట్టణ రోడ్లన్నిటికీ 30 చేసింది. అదే ఏడాది ఆగస్టులో ప్యారిస్ కూడా చాలామటుకు రోడ్లకి 30 పెట్టింది. నడిచేవాళ్లూ బండ్లూ కలిసే చోట 30 దాటకూడదని 2020లో, రోడ్డు భద్రత మీద దేశాల మంత్రుల సమావేశం చేసిన స్టాక్‌హోమ్ డిక్లరేషన్ కోరింది. మన జీహెచ్ఎంసీ కాలనీ లిమిట్ కూడా ఈ రెండో పద్ధతిదే. ఎవరూ మీ వీధికి వచ్చి కొలిచి పెట్టింది కాదు, కొలవాల్సిన అవసరమూ లేదు. నా ఉద్దేశంలో ఇళ్ల మధ్య రోడ్డుకి ఇదే సరైన పద్ధతి.

ఎందుకు 30? 40 ఎందుకు కాదు, 50 ఎందుకు కాదు? ఈ లెక్క మీ సంఘం మీటింగులో చెప్పండి, జనానికి వెంటనే ఎక్కుతుంది.

30లో బండి సెకనుకి 8 మీటర్లకు పైగా వెళ్తుంది. పిల్లవాడు గేటు లోంచి బంతి కోసం పరిగెత్తాడు. డ్రైవరు చూసి, బ్రేకు మీద కాలు వేసేసరికి కనీసం ఒక సెకను. ఆ తర్వాత పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగున్న కారు ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13, 14 మీటర్లు. అదే 50లో వస్తే బ్రేకు మీద కాలు పడకముందే, ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వెళ్లిపోతుంది. అంటే 30లో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి, 50లో వచ్చిన కారు ఇంకా బ్రేకే పడకుండా చేరుతుంది. మీ 40 అడుగుల రోడ్డులో గేటు నుంచి రోడ్డు మధ్యకి 6 మీటర్లు, పిల్లవాడి పరుగుకి రెండు సెకన్లు. ఇసుక, కంకర రాలిన మలుపులో బైకుకి ఆగే దూరం ఇంకా పెరుగుతుంది.

పోగొట్టుకునే సమయం కూడా లెక్క వేయండి. 600 మీటర్ల వీధి 30లో దాటడానికి 72 సెకన్లు, 50లో 43 సెకన్లు. తేడా అర నిమిషం లోపే. నేను ఎన్ని మీటింగుల్లో ఈ రెండు అంకెలు బోర్డు మీద రాశానో లెక్కలేదు. వాదన అక్కడితో ఆగేది.

ఇప్పుడు డాలస్ సంగతి. ముందుగా గమనించాల్సింది, ఆ 25 మైళ్లు. మన లెక్కలో 40 కిలోమీటర్లు. మీ అమ్మాయి వీధి లిమిట్ మీ కాలనీ లిమిట్ కన్నా ఎక్కువ. టెక్సస్ చట్టంలో పట్టణ వీధులకి మామూలు లిమిట్ 30 మైళ్లు, అంటే 48 కిలోమీటర్లు. ఏ నగరమైనా తన వీధులకి 25 కావాలనుకుంటే కౌన్సిల్‌లో ఆర్డినెన్స్ చేసుకోవాలి. సియాటిల్ నివాస వీధులకి 20 మైళ్లు చేసింది. న్యూయార్క్ 2014 నవంబరులో 30 నుంచి 25కి దిగింది.

బోర్డు చూసే అక్కడివాళ్లు నెమ్మదిగా వెళ్తారా? బోస్టన్‌లో 2017 జనవరిలో లిమిట్‌ని 30 మైళ్ల నుంచి 25కి తగ్గించాక వేగాలు కొలిచారు. సగటు వేగం దాదాపు మారలేదు. కానీ 35 మైళ్లు దాటి దూసుకుపోయే అవకాశం సుమారు 29 శాతం తగ్గింది. అంటే ఒట్టి బోర్డు వృథా కాదు, మరీ విపరీతంగా తోలేవాళ్లని కొంత అదుపు చేస్తుంది. మామూలు వేగాన్ని మాత్రం మార్చలేదు. లండన్‌లో వేరే రకంగా చేశారు. 20 మైళ్ల జోన్లు పెట్టిన వీధుల్లో బోర్డుతో పాటు హంపులు, ఇరుకు చేసిన మలుపులు కూడా కట్టారు. 20 ఏళ్ల ప్రమాదాల లెక్కలు తీసి 2009లో ప్రచురించిన పరిశోధనలో ఆ జోన్లలో రోడ్డు ప్రమాద బాధితులు దాదాపు 42 శాతం తగ్గినట్టు తేలింది. మీ అమ్మాయి వీధిలో కూడా వంపులు, ప్రతి మూలా ఉండే స్టాప్ బోర్డు, పోలీసు టికెట్‌తో పెరిగే ఇన్సూరెన్సు కలిసి పని చేస్తుంటాయి. బోర్డు ఒక్కటే చేస్తున్న పని కాదు.

మన దగ్గర సీసీ రోడ్డు కథ దీనికి సరిగ్గా తిరగేసినది. గుంతల రోడ్డు ఉన్నన్నాళ్లూ గుంతలే పోలీసులు. జనం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి రోడ్డు వేయించుకుంటారు, వేసిన నెలకే వేగం గురించి అర్జీలు మొదలవుతాయి. కోస్తాలో ఒక పట్టణంలో పని చేస్తున్నప్పుడు ఇలాంటి ఒక తిన్నటి వీధిలో కొలిచాం. కంకర రోడ్డుగా ఉన్నప్పుడు 25 దాటని బండ్లు, సీసీ వేశాక 40 దాటి వెళ్తున్నాయి. డ్రైవర్లు అదే మనుషులు, బండ్లు అవే. మారింది రోడ్డు. ఆ తర్వాత నేను చేసిన ప్రతి సీసీ అంచనాలోనూ వేగం తగ్గించే పనులకి కూడా ఒక పద్దు రాసేవాణ్ని. చాలాసార్లు పైన కొట్టేసేవారు. రోడ్డుతో పాటే వేస్తే అయ్యే ఖర్చు ఎంతో కాదు, తర్వాత విడిగా చేయాలంటే రెండింతలు శ్రమ.

అలాంటి చోట వెంటనే జరిగేది ఏమిటంటే, రాత్రికి రాత్రే స్పీడ్ బ్రేకర్ పుడుతుంది. ఒకచోట కాంట్రాక్టరు మిగిలిన కాంక్రీటుతో జానెడు వెడల్పు, అరజానెడు ఎత్తు గట్టు పోశాడు. అడిగింది కాలనీవాళ్లే. పెయింట్ లేదు, బోర్డు లేదు. వారం తిరక్కుండా కొడుకు బండి వెనుక కూర్చున్న ఒక పెద్దావిడ ఎగిరిపడి తుంటి ఎముక విరిగింది. మర్నాడు నేనే దగ్గరుండి పగలగొట్టించాను. ఆవిడ మళ్లీ లేచి నడవడానికి ఏడాది పట్టింది. దయచేసి ఆ పని మాత్రం చేయించకండి.

సరైన హంపుకి కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకాల్లో గుండ్రటి హంపు వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. 25 కిలోమీటర్ల వేగంతో దాటితే కుదుపు తెలియదు, 40లో వస్తే గట్టిగా తెలుస్తుంది. 3.7 మీటర్లంటే ఒక కారు పొడవంత అని గుర్తుంచుకోండి. మన వీధుల్లో కనిపించే గట్లలో ఈ కొలతకి దగ్గరగా ఉండేవి చాలా తక్కువ. ఒక్క హంపు వేస్తే దాన్ని దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతారు. అందుకే 100 నుంచి 120 మీటర్లకి ఒకటి చొప్పున వరసగా వేయాలి. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, హంపు మీద తెల్ల చారలు తప్పనిసరి. ఇంకో మాట: వాన నీళ్లు పోయే దారి చూసుకోండి. రెండు అంచుల్లో సందు వదలకపోతే నీళ్లు నిలుస్తాయి. సందు మరీ ఎక్కువ వదిలితే బైకులన్నీ ఆ సందులోంచే పోతాయి, అక్కడే మీ గేట్లు ఉంటాయి.

హంపుల కన్నా నాకు ఎక్కువ నచ్చినది, జనం పట్టించుకోనిది, మలుపు. మెయిన్ రోడ్డు నుంచి కాలనీలోకి తిరిగే మూల చూడండి. చాలాచోట్ల లారీ తిరగాలని పెద్ద గుండ్రంగా వదిలేస్తారు. అప్పుడు బైకు, కారు బ్రేకే వేయకుండా మెయిన్ రోడ్డు వేగంతోనే లోపలికి వచ్చేస్తాయి. ఒక కాలనీలో ఆ మూలని కెర్బ్ (రోడ్డు అంచు) రాళ్లతో లోపలికి లాగాం. తిరిగే ప్రతి బండీ వేగం తగ్గించక తప్పలేదు. రోడ్డు దాటే దూరం కూడా తగ్గి స్కూలు పిల్లలకి సులువైంది. అయితే మొదటి వారంలోనే వాటర్ ట్యాంకర్ వెనుక చక్రం ఎక్కి రాళ్లు పగిలాయి. ఫైరింజన్ తిరగాలి కదా అని అప్పుడు గట్టిగా ఆలోచించి, అంచుని ఏటవాలుగా, పెద్ద బండి ఎక్కి దిగగలిగేంత తక్కువ ఎత్తులో మళ్లీ కట్టాం. ఆ తర్వాత ఇబ్బంది రాలేదు. మీరు అడిగేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పండి.

ఇంకోచోట రోడ్డుకి ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క పార్కింగ్ గీతలు గీసి రోడ్డుని మెలికలు తిప్పాం. రాత్రిళ్లు బ్రహ్మాండంగా పని చేసింది. పగలు కార్లన్నీ ఆఫీసులకి వెళ్లిపోగానే గీతలు మాత్రం మిగిలి వీధి మళ్లీ తిన్నగా, ఖాళీగా కనిపించేది. స్కూలు పిల్లలు తిరిగేది ఆ వేళలోనే. చివరికి గీతల మొదట్లో గానుగ మొక్కలకి గట్టి తొట్లు కట్టాక పగలు కూడా వేగం తగ్గింది.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. ముందు కాలనీవాళ్లతో మాట్లాడండి. నేను బండ్ల నంబర్లు రాయించిన ప్రతిచోటా వేగంగా వెళ్లేవాళ్లలో చాలామంది ఆ కాలనీవాళ్లే. డెలివరీ కుర్రాళ్లని అందరూ తిడతారు. ఆర్డర్ పెట్టి త్వరగా రావాలని ఫోన్ చేసేది మనమే. వాళ్లని శత్రువుల్లా చూడకండి, వాళ్లకీ ఇంట్లో పిల్లలుంటారు. వేల్స్‌లో 2023 సెప్టెంబరులో ఇళ్ల మధ్య రోడ్లకి దేశమంతా ఒక్కసారిగా 20 మైళ్లు చేస్తే వ్యతిరేకంగా 4 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి, తర్వాత ఏ రోడ్లకి మినహాయింపు ఇవ్వాలో మళ్లీ కూర్చుని చూసుకోవాల్సి వచ్చింది. ఒక వీధిలోనైనా అంతే, చెప్పకుండా చేస్తే హంపు తీయించమని అర్జీ పెట్టేది పక్కింటివాళ్లే అవుతారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మొదట మీరే కొలవండి. వీధి మధ్యలో, మలుపులకి దూరంగా, సరిగ్గా 30 మీటర్ల దూరంలో రెండు గీతలు ముగ్గుతో వేయండి. బండి ముందు చక్రం మొదటి గీత దాటినప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, రెండోది దాటినప్పుడు ఆపండి. 108ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 3.6 సెకన్లు పడితే 30. 2.7 పడితే 40. 108 మన అంబులెన్స్ నంబరే, మర్చిపోరు. స్కూలు వేళ, సాయంత్రం, రాత్రి తొమ్మిది తర్వాత, మూడు వేళల్లో కనీసం నూరు బండ్లు రాయండి. వాచ్ పట్టుకున్న మనిషి గేటు లోపల ఉండాలి. బయట నిలబడితే చూసి నెమ్మదిస్తారు, లెక్క చెడుతుంది.

ఇక్కడ 85వ పర్సెంటైల్ పనికొస్తుంది, లిమిట్ పెట్టడానికి కాదు, రోడ్డుకి ఎంత పని చేయాలో తెలుసుకోవడానికి. 85వ బండి 33లో ఉంటే బోర్డులు చాలు. 45లో ఉంటే బోర్డులతో ఏమీ కాదు, హంపుల వరసో, మూల సవరణో, రెండూనో కావాలి.

ఆ కాగితం జతచేసి మీ సర్కిల్ ఇంజనీరింగ్ డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)కి ఉత్తరం రాయండి. ఒక కాపీ మీ పరిధి ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కి ఇవ్వండి. "వేగం ఎక్కువగా ఉంది, చర్య తీసుకోండి" అని రాస్తే ఫైల్లో పడుకుంటుంది. 2022 కాలనీ లిమిట్ ప్రకారం ప్రతి ప్రవేశం దగ్గర 30 బోర్డు, ఐఆర్‌సీ 99 కొలతల్లో ఫలానా ఇంటి నంబర్ల దగ్గర హంపులు, మెయిన్ రోడ్డు మూల సవరణ అని విడివిడిగా అడగండి. బోర్డు అంటే తెల్ల నేల మీద ఎర్ర అంచు ఉన్న గుండ్రటిది, నల్ల అంకెలతో. సంఘం పేరు, దాత పేరు దాని మీద ఉండకూడదు. హంపు పక్కన గేటు ఉన్న ఇంటివాళ్ల సంతకం తీసుకోండి, లేకపోతే పని రోజున ఆగిపోతుంది. నెలలో కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో అదే ఉత్తరం, రసీదు నంబరుతో ఇవ్వండి.

పని అయ్యాక మూడు నెలలకి అదే చోట, అవే గీతలతో, అదే వేళల్లో మళ్లీ నూరు బండ్లు రాయండి. మొదటి వారం లెక్క నమ్మకండి. కొత్త హంపుకి అందరూ జడుస్తారు, అలవాటయ్యాక ఉండే వేగమే మీ వీధి వేగం.